1-1-14 అంటే సంవత్సరం కాదు బాబూ, బరువు

పోయిన నెల బెంగుళూరులో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. మావాడే, ప్రొద్దుటూరు. చాలా ఏళ్ళుగా మన ఫీల్డులోనే ఉన్నాడు, ఇప్పుడు విల్లా కొన్నాడు. భోజనాలయ్యాక ఇల్లంతా తిప్పి చూపిస్తూ హాల్లో ఒక గాజుబల్ల దగ్గర ఆగాడు. బల్లకి కాళ్ళు లేవు. మధ్యలో ఒక్కటే ఇనప దిమ్మె, దానిమీద గాజుపలక. దిమ్మె కింద పసుపురంగు లైటు.

"ఏందో చెప్పుకో సూద్దాం" అన్నాడు.

"దాగలి."

"అబ్బో, తెలుసే నీకు! గండికోటది. పెమ్మసానోళ్ళ కంటే కూడా ముందుది. లక్షా ఎనభై."

"అంత పాతదని ఎవరు చెప్పారు?"

"అమ్మినాయన. ఆయన మాట ఎందుకు, దానిమీదే ఉండాది సూడు" అని ఫోన్లో లైటు వేసి చూపించాడు. పక్కన లోతుగా కొట్టిన మూడు అంకెలు, మధ్యలో చుక్కలు. 1 · 1 · 14. "1114. కోట కట్టింది 1123లో అంట. కోటకంటే తొమ్మిదేండ్లు పెద్దది!"

భోజనం పెట్టినవాడితో వాదనేంటని తలూపి వచ్చేశాను. కానీ ఆ తర్వాత వారం రోజుల్లో ఇంకో ఇద్దరు మిత్రులు ఇలాంటి ఫోటోలే పంపి "ఎంత పెట్టొచ్చు?" అని అడిగారు. ఒకదానికి "విజయనగర కాలం", ఇంకోదానికి "వూట్జ్ ఉక్కు" అని పేర్లు. ఇక ఊరుకోలేక రాస్తున్నా.

తెలియనివాళ్ళకి ఒక్క మాట. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనుముని దేనిమీద పెట్టి సమ్మెటతో కొడతాడో అదే దాగలి. దాకలి అనీ అంటారు.

ముందు ఆ అంకెల సంగతి. అది తేదీ కాదు, బరువు. ఇంగ్లండులో దాగలి చేసినవాళ్ళు బరువుని హండ్రెడ్‌వెయిట్లలో కొట్టేవాళ్ళు. మొదటి అంకెని 112తో గుణించాలి, రెండోదాన్ని 28తో, మూడోది విడి పౌన్లు. అంటే మావాడిది 112 + 28 + 14, మొత్తం 154 పౌన్లు. దాదాపు 70 కిలోలు. రెండో అంకె ఎప్పుడూ 3 దాటదు, మూడోది 27 దాటదు. ఈ రెండు షరతులూ సరిపోతే 99 శాతం అది బరువే. ఇది తెలుసుకోడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు, వ్యాలిడేషన్ రూలు రాసే మనవాళ్ళకి అస్సలు అక్కర్లేదు. 1-1-14 అని ఎక్సెల్లో కొడితే అదీ తేదీ అనే అనుకుంటుందనుకోండి. కానీ అది కూడా 2014 అంటుందిగానీ కాకతీయుల దాకా పోదు :)

పోనీ, సంవత్సరమే అనుకుందాం. పన్నెండో శతాబ్దంలో గండికోట సీమ కమ్మరి క్రీస్తుశకం ఎందుకు వేస్తాడు? శాసనాలు ఎక్కువగా శక సంవత్సరాల్లో ఉంటాయి. క్రీస్తుశకం 1114 అంటే శకం 1036. ఆ అంకెలైనా తెలుగు అంకెలు కావాలి కదా, మన కీబోర్డు మీది అంకెలు ఆయనకెలా వచ్చాయి? కోట 1123లో కట్టారన్నది కూడా స్థానికంగా చెప్పుకునే కథనమే. ఒక కథకి ఇంకో కథని సాక్ష్యం తెచ్చి లక్షా ఎనభై వేలు కట్టాడు మావాడు. ఆఫీసులో మాత్రం పదివేల రూపాయల లైసెన్సుకి మూడు కొటేషన్లు అడుగుతాడు.

గండికోట పేరు ఎందుకు వాడతారో నాకు తెలుసు. అక్కడ ఫిరంగులు పోతపోశారన్న మాట అందరూ వినుంటారు. నిజమే, మీర్ జుమ్లా చేతిలో కోట ఉన్నప్పుడు 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు అక్కడికొచ్చాడు. గుళ్ళలోని విగ్రహాలు తెప్పించి కరిగించి ఫిరంగులు పోయించే ప్రయత్నం గురించి రాశాడు. పోత అంటే ఏంటి? లోహం కరిగించి అచ్చులో పోయడం. ఫిరంగిని పోసేది మూసల్లో, దాగలి మీద పెట్టి సమ్మెటతో కొట్టి కాదు. కోటలో కమ్మర్లు ఉండే ఉంటారు, గుర్రపు నాడాలు, మేకులు, ఈటెలు చేసే ఉంటారు. వాళ్ళ దాగలి మాత్రం ఈ ఆకారంలో ఉండదు.

ఎందుకంటే మావాడి దాగలికి ఒకవైపు కొమ్ముంది, పైన ఒక చదరపు బెజ్జం, ఒక గుండ్రటి బెజ్జం ఉన్నాయి. మన ఊళ్ళ దాగలికి ఇవేవీ ఉండవు. నలుచదరపు దిమ్మె, అడుగున సన్నబడి మొద్దులో దిగుతుంది. మన కమ్మరి కూర్చుని కొడతాడు, కాబట్టి నేలకి దగ్గరగా ఉంటుంది. దొర నిలబడి కొడతాడు, కాబట్టి ఎత్తు మొద్దు మీద నిలబెడతాడు. వస్తువుని చూస్తేనే దాని వెనకాల మనిషి కూర్చున్నాడో నిలబడ్డాడో తెలిసిపోతుంది. కథ అక్కర్లేదు.

ఆ రోజు ఫోను లైటులో నాకు ఇంకా కొన్ని కనిపించాయి. అంకెల పైన తుప్పులో సగం చెరిగిన అక్షరాలు. 'రైట్' అని ఒక ముక్క, కింద 'ఇంగ్లండ్'. పీటర్ రైట్ అంటే బర్మింగ్‌హామ్ పక్కన డడ్లీలో దాగళ్ళు చేసిన పేరున్న కంపెనీ. షెఫీల్డ్ వైపు మౌస్ హోల్ అని ఇంకోటి ఉండేది, దాని ముద్రలో ఎలుక బొమ్మ కూడా కనిపిస్తుంది. ఇక దేశం పేరు కొట్టడం అనే అలవాటు అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టంతో బలపడింది. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలన్నారు, ఇంగ్లీషువాళ్ళు కొట్టడం మొదలెట్టారు. కాబట్టి 'ఇంగ్లండ్' అని ఉంటే 1890కి ఇటువైపుదనే ముందు అనుకోవాలి. రెండో బెజ్జం, గుండ్రటిది, 1830లకి ముందువాటికి ఎక్కువగా ఉండదు. రెండూ కలిపితే మావాడి 'పన్నెండో శతాబ్దం' దాగలి వయసు సుమారు నూట ముప్పై ఏళ్ళో, అంతకంటే తక్కువో.

మరి డడ్లీ సరుకు కడప జిల్లాకి ఎలా వచ్చింది? దీనికి గండికోట అక్కర్లేదు. మద్రాసు రైల్వే కడప, గుత్తి మీదుగా పోయి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు లైనుతో కలిసింది. కర్నూలు-కడప కాలువని ఒక ఇంగ్లీషు కంపెనీయే తవ్వించింది, నష్టాల్లో పడ్డాక 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. రైలుకీ కాలువకీ కొలిమిలు కావాలి, వాళ్ళ సామాను సీమనుంచే వచ్చేది. పాతబడ్డాక వేలంలో ఊళ్ళకి చేరుతుంది. అందుకే ఇలాంటివాటి మీద రైల్వే గుర్తులు కూడా వెతకండి. ఎం.ఎస్.ఎం. అని ఉంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, అంటే 1908కి 1951కి మధ్య రైల్వే చేతిలో ఉన్నట్టు లెక్క. అది తయారైన తేదీ కాదని మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆఫీసు లాప్‌టాప్ మీద అసెట్ స్టిక్కర్ లాంటిదది. బరువు కిలోల్లో ఉంటే యూరపు సరుకైనా కావాలి, లేదా 1956 చట్టంతో మనకి మెట్రిక్ కొలతలు వచ్చాక చేసినదైనా కావాలి. జలంధర్, బటాలా వైపు ఇప్పటికీ చేస్తారు.

రెండో ఫోటో పంపినాయన 'వూట్జ్' కి రెండు ముక్కలు. ఉక్కు అన్న మన మాటే దొరల నోట్లో వూట్జ్ అయిందంటారు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో చేసిన ఆ ఉక్కు పర్షియా కత్తులకి పోయేది. ఇదంతా నిజం, గర్వపడాల్సిందే. కానీ ఆ ఉక్కుని చిన్నచిన్న మూసల్లో చేసేవాళ్ళు, ఒక్కో ముద్ద కిలో అటూ ఇటూ. నలభై కిలోల దిమ్మెని దాంతో చేశారని చెప్పేవాడు మీకు బంగారు రోలు కూడా అమ్మగలడు.

ఇంతకీ విలువ ఎంత? ఇక్కడే నాకు అసలు తిక్క రేగేది. అమ్మేవాడు కథకి రేటు కడతాడు. పాతసామాన్లవాడు తూకానికి రేటు కడతాడు. దాగలి విలువ ఈ రెండిట్లో ఎక్కడా లేదు. దాని పైముఖంలో ఉంది. పాత ఇంగ్లీషు దాగళ్ళలో ఒళ్ళంతా మెత్తని ఇనుము, పైన అరంగుళం మందాన గట్టి ఉక్కు పలక అతికిస్తారు. ఆ అరంగుళమే వస్తువు, మిగతాదంతా దాన్ని మోసే బరువు. పరీక్ష చాలా సులువు. ఒక ఉక్కు గోలీ, బేరింగులోది, పది అంగుళాల ఎత్తునుంచి వదలండి. ఏడుకో ఎనిమిదికో ఎగిరితే మంచిది. నాలుగుకి ఎగిరి చతికిలపడితే ఉక్కు మెత్తబడిపోయింది, లేదా ఊడిపోతోంది, లేదా అది ఉత్త పోత ఇనుము. నాలుగైదు చోట్ల వదిలి చూడాలి, ఒకచోట బాగుండి పక్కన చచ్చి ఉండొచ్చు. సుత్తితో మెల్లగా తడితే ఖంగుమనాలి. (అమెరికా ఫిషర్ దాగళ్ళు మంచివైనా మోగవు, వాటికి మినహాయింపు.) పక్కన నడుం దగ్గర, పాదాల కింద చిన్న చదరపు గుంటలుంటే కొలిమిలో కాల్చి కొట్టి చేసినది, చేసేటప్పుడు పట్టుకోడానికి పెట్టుకున్న గుంటలవి. మధ్యలో నిలువునా సన్నటి గీత తేలి ఉంటే పోత పోసింది.

మావాడి దాగలికి ఈ పరీక్ష ఇక పెట్టి లాభం లేదనుకుంటా. గాజు నిలబడాలని పైముఖం మొత్తం గ్రైండింగ్ చేయించాడు! అద్దంలా మెరుస్తోంది. అరంగుళంలో ఎంత పోయిందో ఆ మిషన్‌వాడికే తెలియాలి. చుట్టూ నల్లరంగు కోటింగు. అమెరికాలో బాగున్న ఇలాంటి దాగలికి పౌనుకి నాలుగైదు డాలర్లు అడుగుతారు, అంటే 154 పౌన్లకి మన డబ్బుల్లో యాభై, అరవై వేలు. అది పనిచేసే దాగలికి. ముఖం గీకేసినదానికి కాదు.

ఇంకో హెచ్చరిక, ఎన్నారై మిత్రులకి. "ఇక్కడ కొని కంటైనర్లో వేయించుకుంటా" అనేవాళ్ళు ఉన్నారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం గడిచిపోయిన కాలపు వృత్తుల్ని తెలిపే వస్తువు నూరేళ్ళు దాటితే పురావస్తువు కిందికి రావచ్చు. దాన్ని ప్రైవేటు మనిషి దేశం దాటించకూడదు. దాటిస్తే ఆర్నెల్లనుంచి మూడేళ్ళదాకా జైలు. పురావస్తువు కాదని పురావస్తు శాఖ దగ్గర సర్టిఫికెట్టు తీసుకోవచ్చు. తమాషా చూడండి, ఇక్కడ 'తొమ్మిది వందల ఏళ్ళది' అని లక్షలు పోసి కొన్నవాడే విమానాశ్రయంలో 'అబ్బే, అంత పాతది కాదండీ' అని ప్రాధేయపడాలి.

"నేను కొనకపోతే తుక్కులో పోయేది, నేను కాపాడాను" అన్నాడు మావాడు, నేను వచ్చేసేముందు. ఈ మాటని నేను కొట్టిపారెయ్యలేను. సగం నిజం. కానీ ఏ ఊరిది, ఎవరి కొలిమిలో ఉండేది, వాళ్ళిప్పుడేం చేస్తున్నారు అని అడిగితే వాడి దగ్గర ఒక్క ముక్క లేదు. కమిట్ హిస్టరీ మొత్తం చెరిపేసి కోడ్ కాపాడానంటే మనం ఒప్పుకుంటామా? ఆ దాగలి కథ గండికోట కథకంటే చిన్నదే కావచ్చు, కానీ నిజమైనది. దాన్ని పారేసి అబద్ధాన్ని కొనుక్కున్నాడు.

సగం నిజం అన్నానే, ఆ సగం నాకు తగిలే సగం. అందుకే ఇది రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మా ఊరి కమ్మరిని ఆచారి మామ అని పిలిచేవాళ్ళం. కళ్ళం అయ్యాక ఇంటింటికీ వచ్చి మేర గింజలు తీసుకుపోయేవాడు, ఏడాదంతా కర్రులు, కొడవళ్ళు, గుంటక పలుగులు సరిచేసేవాడు. ట్రాక్టర్లు వచ్చాక కర్రుల పని పోయింది. బండికి రబ్బరు టైర్లు వచ్చాక చక్రానికి ఇనపకట్టు వేసే పని పోయింది. పని పోయాక మేర ఎవరిస్తారు? 2009 సంక్రాంతికి నేను ఊరికెళ్తే ఇంటికొచ్చాడు.

"నాయనా, నీ కంప్యూటర్లో మా దాగలి రేటు సూడు. అమ్మేద్దామనుకుంటాండా."

నేను చూశాను. ఏం చూశానో తెలుసా? పాత ఇనుము కిలో ఎంత అని! ముఖం ఎలా ఉంది, ఎవరు చేశారు, ఏమన్నా గుర్తులున్నాయా, ఒక్కటీ అడగలేదు. కనీసం లేచి వెళ్ళి చూడలేదు, ఫోటో తీయలేదు. పదహారు రూపాయలొస్తే ఇచ్చేయి మామా అన్నాను. అంత చదువుకున్నవాడు చెప్పాడని ఇచ్చేశాడు. నలభై మూడు కిలోలు, ఆరువందల ఎనభై ఎనిమిది రూపాయలు.

ఆ తర్వాత రెండేళ్ళకి ఎర్రగుంట్ల వైపు బండల గనుల్లో పనిచేసే మావూరివాళ్ళు ఆయన దగ్గరికి ఉలులు, గడ్డపారలు పదును పెట్టించుకోడానికి తెస్తున్నారని తెలిసింది. కొలిమి మళ్ళీ రాజేశాడు, దాగలి లేదు. ఎక్కడో దొరికిన రైలుపట్టా ముక్క మీద కొడుతున్నాడు. నేను వెళ్ళినప్పుడు కోప్పడలేదు. అది ఇంకా కష్టం.

"మంచి దాగలంటే ఏంది మామా?" అని అప్పుడడిగాను, అడగాల్సిన రెండేళ్ళ తర్వాత.

"సుత్తి దానంతటదే లేయాల నాయనా. కొట్టేది మనం, లేపేది దాగలి. లేపేది కూడా మనమే అయితే సాయంత్రానికి జబ్బ పడిపోతాది. మా పాతది లేపేది."

గోలీ పరీక్ష అంటూ నేను పైన చెప్పిందంతా ఇదే. నేను ఎక్కడెక్కడో చదివి తెలుసుకున్నది ఆయన భుజానికి తెలుసు. 'మా పాతది' ఎన్నేళ్ళదో ఇక ఎవరూ చెప్పలేరు. తన తాత దాన్ని ఎవరిదగ్గరో కొన్నాడని మాత్రం విన్నాడట. మన సీమలో కర్నూలు జిల్లా వెల్దుర్తి, రామళ్ళకోట వైపు ఇనపరాయి ఉంది. సీమ ఇనుము రాకముందు ఊళ్ళలోనే బొగ్గుతో ఇనుము తీసేవాళ్ళు. మా ఊరి దాగలి ఆ ఇనుమేనా, రైల్వే తుక్కుతో చేసినదా? ఆ పాత ఇనుములో చెక్కలో పోగుల్లా గీతలుంటాయి, తుప్పు పట్టినచోట అవి బయటపడతాయి. చూసుంటే తెలిసేది. ఇప్పుడది ఏ కరెంటు కొలిమిలోనో కరిగి ఏ అపార్టుమెంటు స్లాబులోనో ఉంటుంది. బహుశా నేనుండే అపార్టుమెంటే.

కాబట్టి నా కోపం మావాడి మీద మాత్రమే కాదు. వాడు అబద్ధానికి లక్షా ఎనభై ఇచ్చాడు, నేను నిజానికి ఆరువందల ఎనభై ఎనిమిది ఇప్పించాను. ఇద్దరిలో ఎక్కువ నష్టం చేసింది ఎవరో మీరే చెప్పండి. దసరాకి మానిటర్లకి పసుపు, కుంకుమ పెట్టి మెయిల్లో ఫోటోలు పంపుకునే జాతి మనది. పనిముట్టుకి దండం పెట్టడం వచ్చుగానీ పనిముట్టు చూడటం రాలేదు.

ఇకనుంచి ఊళ్ళో ఎవరన్నా దాగలి రేటు అడిగితే, బాబ్బాబు, ముందు ఒక్క ప్రశ్న అడగండి: దానిమీద ఇంకా ఎవరన్నా కొడుతున్నారా? కొడుతుంటే దాన్ని కొనకండి, అమ్మమని చెప్పకండి. అది రన్నింగులో ఉన్న ప్రొడక్షన్ సర్వరు. కొట్టేవాళ్ళు ఎవరూ లేకపోతే నాలుగువైపులా ఫోటోలు తియ్యండి, సుద్దపొడి రుద్ది అక్షరాలు చదవండి, ఊరిపేరూ ఇంటిపేరూ రాయండి, గోలీ వదలండి, పక్క ఊళ్ళో కమ్మరి ఎవరన్నా ఉన్నారేమో కనుక్కోండి. గ్రైండరు మాత్రం దాని దరిదాపుల్లోకి రానివ్వకండి. పైముఖం మీద వెల్డింగు కూడా వద్దు, ఆ వేడికి ఉన్న గట్టిదనం పోతుంది.

పోయిన దసరాకి ఊరెళ్ళాను. ఆచారి మామ లేడు. కొడుకు సిమెంటు ఫ్యాక్టరీలో వెల్డరు, ఆదివారాలు కొలిమి రాజేస్తాడు. రైలుపట్టా ముక్కని పడుకోబెట్టకుండా నిలువునా పాతుకున్నాడు. సమ్మెట దెబ్బ కింద మొత్తం బరువు నిలబడాలి కదా, పడుకోబెడితే సన్నటి నడుం ఊగుతుంది. ఎవరూ నేర్పలేదట, కొట్టగా కొట్టగా తెలిసిందట. మట్టి కొంచెం తవ్వి పక్కన సుద్దపొడి రుద్దాం. ఉబ్బెత్తు అక్షరాలు తేలాయి: టాటా పేరు, 90 ఆర్, 1938. గజానికి 90 పౌన్ల పట్టా, 1938లో జంషెడ్‌పూర్‌లో తీసింది. కథల్లేకుండా తన పుట్టినతేదీ తనే చెప్పుకునే దాగలి ఇదొక్కటే చూశాను నా జన్మలో.

"అన్నా, ఇదేమన్నా రేటు పలుకుతాదా?" అన్నాడు.

ట్రాక్టరు షెడ్డులో అడిగి ఒక బేరింగు గోలీ తెచ్చాం. పది అంగుళాల నుంచి వదిలాం, ఆరున్నరకి లేచింది. ఆ సంగతి చెప్పి, అమ్మొద్దన్నాను. నవ్వాడు, కొలిమి ఊదుకోడానికి పోయాడు.

నిన్న ప్రొద్దుటూరు వాడికి ఫోన్ చేసి అంకెల సంగతి చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. "గాజు తీసి ఒక గోలీ వదిలి చూడు, అమ్మినాయన్ని అది ఏ ఊరిదో అడుగు" అన్నాను. అడుగుతానన్నాడు. గాజు మాత్రం ఇంకా తియ్యలేదు.